రద్దయిన మా పార్లమెంటు సీటు

మా పట్నం పేరుతో ఒకప్పుడు ఒక పార్లమెంటు నియోజకవర్గం ఉండేది. నియోజకవర్గాల పునర్విభజన జరిగినప్పుడు దాన్ని తీసేశారు. పట్నం పక్క సీటులో కలిసింది. చుట్టూ ఉన్న పల్లెలు కొన్ని అటు, కొన్ని ఇటు పోయాయి. నేను ఈ పట్నంలోనే ప్రభుత్వ బడిలో సాంఘికశాస్త్రం చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ సీటు పరిధిలో ఎక్కడో ఒకచోట పోలింగు డ్యూటీ చేశాను. అందుకని పోయిన వానాకాలంలో దాని చరిత్ర రాసిపెట్టమని ఒకాయన మా ఇంటికి వచ్చాడు.

ఆయన ఆ సీటుకి చాలాకాలం ఎంపీగా ఉన్న పెద్దమనిషి కొడుకు. తండ్రిని పట్నమంతా పెద్దాయన అనేది. ఈయన్ని చిన్నాయన అంటుంది. పెద్దాయన ఇప్పుడు లేరు. చిన్నాయనకి జుట్టు నెరిసినా ఇంకా చిన్నాయనే. మళ్ళీ పునర్విభజన రాబోతోందని పేపర్లన్నీ రాస్తున్నాయి కదా, పోయిన సీటు తిరిగొస్తే నిలబడాలని ఆయన ఆశ. అందుకోసం ఒక సాధన సమితి పెట్టాడు. సమితి తరఫున ఒక పుస్తకం తేవాలనుకున్నాడు.

"మీరు పాఠం చెబితే రాళ్ళకి కూడా అర్థమవుద్దంటారు మేడం. మన సీటు గురించి మీరు రాస్తేనే నిండుగా ఉంటుంది" అన్నాడు.

"నేను చూసిందే రాస్తానండి" అన్నాను.

"అదే కావాలి. ఉన్నదున్నట్టు రాయండి. మా నాన్నగారు దాచుకోవాల్సిందేమీ చెయ్యలేదు."

సరేనన్నాను. ఉన్నదున్నట్టు రాయమని ఆ ఇంటి మనిషే నోరు తెరిచి అడిగితే వద్దనడం ఎందుకు?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంకా బ్యాలెట్ పెట్టెలే. తాలూకా కచేరీ ఆవరణలో సామాను ఇచ్చేవాళ్ళు. ఇనప పెట్టెలు, లక్క, కొవ్వొత్తులు, సంచులు, ఇంకు సీసా. మమ్మల్ని లారీలెక్కించి పల్లెలకి తోలేవాళ్ళు. చీరలు కట్టుకున్న ఆడవాళ్ళం లారీ వెనక డాలా పట్టుకుని ఎక్కుతుంటే కింద నిలబడి చూసే జనం ఉండేవాళ్ళు. పత్తి చేల మధ్య ఏ బడిలోనో దించేవాళ్ళు. అక్కడ మాకంటే ముందే పార్టీలవాళ్ళు దిగి ఉండేవాళ్ళు. బ్రాందీ వాసన, బిర్యానీ పొట్లాల వాసన, గోడల నిండా కిళ్ళీ ఉమ్ములు. ఎన్నికైపోయిన మర్నాడు పిల్లలు వచ్చి అదే గదిలో కూర్చోవాలి. ఒక ఊళ్ళో, రెండో తరగతి నల్లబల్ల కింద ఎవడో కక్కిన దాని మీద ఇసక పోసి మమ్మల్ని కూర్చోమన్నారు. సాయంత్రం దాకా ఆ పక్కనే కూర్చుని ఓట్లు వేయించాను. ప్రజాస్వామ్యం అన్న మాట తరగతిలో చెప్పినప్పుడల్లా నాకు ఆ ఇసక కుప్ప గుర్తొచ్చేది. పిల్లలకి చెప్పేదాన్ని కాదు.

పెద్దాయన మనిషి చూడ్డానికి బాగుండేవారు. తెల్లటి ఖద్దరు, నుదుట బొట్టు, ముసలమ్మ కనిపిస్తే వంగి దణ్ణం పెట్టేవారు. ఎన్నికల ముందు జీపు మీద నిలబడి వచ్చేవారు. నెగ్గాక ఢిల్లీ నుంచి రావడం పెళ్ళిళ్ళకీ, దినాలకీ. పట్నంలో మురుగు కాలవ మీద పలకలు వేయించమని అడిగితే మునిసిపాలిటీ పని అనేవారు. మునిసిపాలిటీని అడిగితే ఎంపీ గారి నిధులు రావాలనేది. ఆ కాలవ కంపు మధ్యే మేం పెళ్ళిళ్ళు చేసుకున్నాం, పిల్లల్ని కన్నాం.

మా పక్క వీధి బడి ఒకటి మిర్చి గోడౌన్ల దగ్గరుండేది. ఆడపిల్లలు ఎక్కువ చదివేవాళ్ళు. మరుగుదొడ్డి లేదు. పెద్దపిల్లలు ఆ రోజులొస్తే బడి మానేసేవాళ్ళు. ఏ ఎన్నికల్లో చూసినా పెద్దాయన ఆ బడి గేటు ముందు మైకు పట్టుకుని, మా ఆడబిడ్డలకి దొడ్లు కట్టించే పూచీ నాదనేవారు. చప్పట్లు కొట్టేవాళ్ళు. చివరికి ఒకసారి నిజంగానే కట్టించారు. ఎంపీ నిధులతో సిమెంటు గదులు వరసగా లేచాయి. గోడ మీద మనిషంత శిలాఫలకం. దాని మీద ఆయన పేరు ఎంత పెద్దదంటే, రోడ్డు మీద పోయే బస్సులోంచి చదవొచ్చు. ప్రారంభించిన రోజున ఫొటో తీసుకున్నారు. ఆ తర్వాత తాళం వేశారు. నీళ్ళ కనెక్షన్ రాలేదనీ, వచ్చేదాకా పాడుచేస్తారనీ చెప్పారు. తాళంచెవి ఆ వీధిలోనే ఉండే పెద్దాయన మనిషి ఇంట్లో ఉండేది. మిర్చి కమీషన్ వ్యాపారం ఆయనది.

ఆ సీటుకి జరిగిన చివరి ఎన్నికలో నాకు ఆ బడిలోనే ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీ పడింది. అప్పటికి మిషన్లు వచ్చేశాయి. నాతో ఇంకు పెట్టే డ్యూటీకి ఒక అమ్మాయిని వేశారు. మా బడిలోనే టీచరు. పర్చూరు వైపు పిల్ల, గొంతు పెద్దది, మనసులో ఒకటీ బయట ఒకటీ ఉండేది కాదు. నన్ను అక్కా అనేది, నేనామెని మా అమ్మాయి అనేదాన్ని. అప్పుడామెకి నెలలు నిండుతున్నాయి. మినహాయింపు కోసం అర్జీ పెట్టుకుంది. తీసుకున్న మనిషి ఆమె కడుపు వంక చూసి, "అందరికీ ఇప్పుడే వస్తయ్యమ్మా కడుపులు" అన్నాడట. ఆ మాట నాతో చెబుతూ నవ్వింది గానీ, నాకు నవ్వు రాలేదు.

వేసవి. పొద్దున్నే ఎండ కాసేసింది. ఆడవాళ్ళ వరస పొడుగ్గా ఉంది. అందరూ మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళేవాళ్ళే. ఓటేసి పనికి పోవాలని తొందర. చేతులు మండకుండా చమురు రాసుకుని వచ్చారు. ఆ వేళ్ళ మీద ఇంకు నిలవక మా అమ్మాయి గుడ్డతో తుడిచి తుడిచి పెడుతోంది. కాసేపటికి నా వైపు వంగి, "అక్కా, నావల్ల కావట్లేదు. అర్జంటుగా పోవాలి" అంది.

బూతులో పెద్దాయన పార్టీ ఏజెంటుగా కూర్చున్నది తాళంచెవి ఉన్న ఆ కమీషన్ వ్యాపారే. నేను అతన్ని పక్కకి పిలిచాను.

"ఏవండీ, ఆ దొడ్డి తాళం తియ్యండి. అమ్మాయి పరిస్థితి చూస్తున్నారుగా."

అతను బయటికి చూపించాడు. శిలాఫలకం మీద పేరు కనపడకుండా ఎన్నికలవాళ్ళు పాత పేపర్లు అంటించి ఉంచారు.

"ఎన్నికల కోడు అమల్లో ఉందండీ. మా నాయకుడి పేరున్న బిల్డింగు. ఇవాళ తెరిస్తే ప్రచారం కిందకొస్తది. అవతల పార్టీ వాళ్ళు కంప్లైంటిస్తే మీకే ఇబ్బంది."

నేను విన్నది నిజమేనా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. అవతల పార్టీ ఏజెంటు వైపు తిరిగాను. అతను బల్ల మీద గీతలు గీస్తూ, "రూలంటే రూలేనండి" అన్నాడు. ఏడాది పొడుగునా ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోని మనుషులు ఆ ఒక్క విషయంలో కలిసిపోయారు.

"రూలు నేను చూసుకుంటాను. ఈ బూతుకి ఆఫీసర్ని నేను. తాళం తియ్యకపోతే కానిస్టేబుల్ చేత పగలగొట్టిస్తాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అతను విసుక్కుంటూ మనిషిని పంపించి తాళంచెవి తెప్పించాడు. కానిస్టేబుల్ వెళ్ళి తలుపు తీశాడు. తీసినవాడు తీసినట్టే రెండు చేతులతో ముఖం కప్పుకుని వెనక్కి వచ్చేశాడు. లోపల కింది నుంచి కప్పుదాకా మిర్చి టిక్కీలు, పెద్ద పెద్ద గోనె బస్తాలు, పేర్చి ఉన్నాయి. ఆ వ్యాపారి సరుకే. కిటికీలు లేని గది, వేసవి ఎండ, మిరపకాయ బస్తాలు. ఘాటు ఒక్కసారిగా బయటికి కొట్టింది. వరసలో ఉన్నవాళ్ళందరూ తుమ్మడం, దగ్గడం. మా అమ్మాయి గోడ పట్టుకుని దగ్గుతోంది. దగ్గే కొద్దీ ఆమెకి కష్టమవుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

అటుపక్క డాబా మీద పార్టీ కుర్రకారు కూర్చుని ఉన్నారు. ఆమె అవస్థ చూసి ఒకడేదో అన్నాడు. మిగిలినవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో జిగురులా అంటుకుని ఉంది. మన పట్నం కుర్రవాళ్ళే. వాళ్ళలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్ళు.

అప్పుడు వరసలోంచి ఒక పెద్దావిడ బయటికొచ్చింది. ఎముకల గూడులా ఉంది. ఏజెంటు వైపు చూడనుకూడా లేదు.

"ఏందే చూస్తా నిలబడ్డారు? రండి, కొంగులు పట్టండి" అని వెనక్కి తిరిగి కేకేసింది.

ఒక పిల్ల, "వరస పోద్దేమో పిన్నీ" అంది.

"పోతే మళ్ళీ నిలబడదాం. ఓటెక్కడికి పోద్ది. పిల్లకి మానం పోతంది ఇక్కడ."

వరస మొత్తం కదిలింది. బడి వెనక గోడ మూల దాకా మా అమ్మాయిని నడిపించుకుపోయి, చుట్టూ వలయం కట్టారు. ఎవరి కొంగు వాళ్ళు చాపి పట్టుకున్నారు. వీపులు లోపలికి, ముఖాలు బయటికి. డాబా మీద ఉన్నవాళ్ళకి రంగు రంగుల చీరలు తప్ప ఏమీ కనిపించలేదు. పెద్దావిడ డాబా వైపు తలెత్తి, "అటు తిరగండ్రా. మీ అమ్మలు మిమ్మల్ని కన్నది ఇట్టాగే" అంది. అరవలేదు. మామూలుగా చెప్పింది. వాళ్ళు తిరిగారు.

నేను మిషన్ వదిలి రాకూడదు కనక గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాను. పోలింగు అంతసేపు ఆగింది. ఎందుకాగిందో ప్రిసైడింగ్ ఆఫీసర్ డైరీలో రాశాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు.

మా అమ్మాయి మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చుని, సాయంత్రం దాకా వేళ్ళకి ఇంకు పెట్టింది. మంచినీళ్ళు తాగమంటే, మళ్ళీ వెళ్ళాల్సొస్తుందని తాగలేదు. ఆ ఎండలో అలాగే కూర్చుంది. మర్నాటి నుంచి జ్వరం. మూత్రంలో ఇన్‌ఫెక్షనని ఆసుపత్రిలో చేర్చారు. కాన్పు దాకా మందులు వాడుతూనే ఉంది. దేవుడి దయవల్ల బిడ్డ బాగానే పుట్టింది.

పెద్దాయన ఆ ఎన్నికలో నెగ్గారు. కొన్నాళ్ళకి పునర్విభజన మాట మొదలైంది. మా సీటు పోతుందని తెలిసి పట్నంలో ఒకరోజు బందు చేశారు. సెంటర్లో టైర్లు తగలబెట్టారు. ఆ నల్ల పొగ ఇళ్ళలోకి వచ్చి ఆరేసిన బట్టల మీద పడింది. పునర్విభజన కమిషన్ వాళ్ళు అభిప్రాయాలు వింటామంటే మా వాళ్ళు బస్సులు కట్టుకుని గుంటూరు వెళ్ళారు. బస్సుల్లో కూడా బిర్యానీ పొట్లాలే. ప్రత్తిపాడు దారి పొడుగునా ఆ పొట్లాలు కాలవల్లోకి విసురుకుంటూ పోయారని, ఆ బస్సులో వెళ్ళిన మా తోటి మాస్టారే చెప్పారు. తర్వాత సీటు పోయింది. పెద్దాయన కళ్ళొత్తుకుంటున్న ఫొటో పేపర్లో వచ్చింది. ఆ బడి దొడ్డి తాళం మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం తియ్యలేదు.

పుస్తకం కోసం ఇవన్నీ రాశాను. రాసేముందు మా అమ్మాయిని అడిగాను. ఇప్పుడామె కూడా ఒక బడికి హెడ్మిస్ట్రెస్.

"రాయి అక్కా. పేరు మాత్రం వద్దు" అంది. మళ్ళీ తనే, "పేరొద్దన్నది సిగ్గుపడి కాదు. మా అత్తగారు ఇంకా ఉంది, ఆవిడకి చెప్పుకోలేను" అంది.

రాసింది చిన్నాయనకి పంపించాను. ఆయన ఫోన్ చేసి చాలా బాగుందన్నాడు. భాష అక్కడక్కడా సరిచేయిస్తామన్నాడు. ప్రూఫు చూపించమన్నాను. చూపిస్తామన్నాడు. చూపించలేదు. ఆవిష్కరణ సభకి ముందురోజు పుస్తకం ఇంటికొచ్చింది. నున్నటి కాగితం, లోపలంతా పెద్దాయన రంగు ఫొటోలు. నా పేరుతో ఉన్న వ్యాసం తీసి చదివాను. ఇసక కుప్ప లేదు. బస్సులు లేవు. బడి దగ్గరికి వచ్చేసరికి ఇలా ఉంది: చివరి ఎన్నిక రోజున నిండు చూలాలైన ఒక ఉద్యోగిని అవస్థ పడుతుంటే, ఎంపీ గారు ముందుచూపుతో కట్టించిన మరుగుదొడ్డి ఆమె మానం కాపాడిందట. ఆమె చెమ్మగిల్లిన కళ్ళతో ఆ మహానుభావుడికి మనసులోనే నమస్కరించిందట.

లేచి వెళ్ళి పెరట్లో ఉమ్మేసి వచ్చాను. ఆ చెమ్మగిల్లిన కళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయో నాకు తెలుసు. మిర్చి ఘాటుకి కారిన కన్నీళ్ళని వాళ్ళు తీసుకుని కృతజ్ఞతగా మార్చేశారు.

మా అమ్మాయికి చూపించాను. చివరిదాకా చదివింది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి లేచింది.

"రేపు సభకి నేను కూడా వస్తా" అంది.

సభ ఒక కల్యాణమండపంలో. జనం నిండుగా ఉన్నారు. నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళందరూ సీటు పోవడం మన ఆత్మగౌరవానికి జరిగిన అవమానమని మాట్లాడారు. నా వంతు వచ్చింది. నేను పుస్తకం తెరవలేదు.

"ఇందులో నా పేరుతో ఉన్నది నేను రాసింది కాదు. ఆ రోజు జరిగింది చెబుతాను" అని మొదలుపెట్టి, తాళం సంగతి, పేపర్లంటించిన శిలాఫలకం సంగతి, టిక్కీల సంగతి, డాబా మీద నవ్విన వాళ్ళ సంగతి, కొంగులు పట్టిన ఆడవాళ్ళ సంగతి, వరసగా చెప్పాను. ఎవరినీ తిట్టలేదు. ముందు వరసలో మా అమ్మాయి నా వైపే చూస్తోంది. చెప్పడం అయిపోయి కూర్చున్నాను. ఇంక గొడవ చేస్తారనుకున్నాను. మైకు లాక్కుంటారనుకున్నాను. దానికి సిద్ధపడే వచ్చాను.

చిన్నాయన లేచి నా దగ్గరికొచ్చి, వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మైకు తీసుకున్నాడు. గొంతు వణికించాడు.

"విన్నారుగా మేడం గారి బాధ. మన ఆడబిడ్డలు ఎన్ని కష్టాలు పడ్డారో విన్నారుగా. ఎందుకండీ ఇదంతా? మన గోడు ఢిల్లీలో వినిపించే మనిషి లేకపోబట్టి. అందుకే మన సీటు మనకి కావాలి."

మండపం దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. అన్నాళ్ళూ ఢిల్లీలో ఉన్న మనిషి ఆయన నాన్నేనని ఆ గదిలో అందరికీ తెలుసు. తెలిసే కొట్టారు. తాళంచెవి పెట్టుకున్న కమీషన్ వ్యాపారి ముసలివాడై మూడో వరసలో కూర్చుని, అతను కూడా కొట్టాడు. వాళ్ళు నాకు ఎదురుతిరిగి ఉంటే ఇంత రోత పుట్టేది కాదు. ఏం చెప్పినా నమిలి మింగేసి, అరిగించుకుని, తన ఒంటికే పట్టించుకునే మనుషులతో ఏం మాట్లాడాలి?

మా అమ్మాయి లేచి వేదిక దగ్గరికి వచ్చి, "దిగక్కా, పోదాం" అంది. నడవా మధ్యలోంచి ఇద్దరం బయటికి వచ్చేశాం. భోజనాలు చేసి వెళ్ళమని ఒకతను వెనకాలే గేటు దాకా వచ్చాడు.

అది అక్కడితో ఆగలేదు. వారం తిరక్కుండా బస్టాండు సెంటర్లో ఒక పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. ఒకవైపు చిన్నాయన. రెండోవైపు, సభలో మైకు ముందు నేను చెయ్యెత్తి మాట్లాడుతున్న ఫొటో. కింద, ఈ ఆడబిడ్డల కన్నీటికి జవాబు మన సీటేనని రాసి ఉంది. కూరలకెళ్ళి దాన్ని చూశాను. సమితి ఆఫీసుకి ఫోన్ చేసి తియ్యమన్నాను. "మీ గౌరవం కోసమే పెట్టాం మేడం" అన్నారు. మునిసిపాలిటీలో చెబితే, పర్మిషన్ ఉందో లేదో చూసి చెబుతామన్నారు.

మర్నాడు పొద్దున్న టిఫిన్ల వేళ మా అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. ఇద్దరం సెంటరుకి వెళ్ళాం. పక్కన ఇడ్లీ బండావిడని స్టూలు అడిగాను. కూరగాయల కత్తి నా సంచిలో ఉంది. మా అమ్మాయి స్టూలు కదలకుండా పట్టుకుంది. నేనెక్కి, నా తల మొదలు నడుము దాకా ఉన్న ముక్క కోసేశాను. ప్లాస్టిక్ గుడ్డ గట్టిగా ఉంది, చాలాసేపు పట్టింది. చుట్టూ జనం చేరారు. ఒక ఆటో అతను, "ఏందండీ మేడం, మీ బొమ్మేగా" అన్నాడు.

"నా బొమ్మే. అందుకే తీసుకెళ్తున్నా" అన్నాను.

నేను కిందికి దిగేటప్పుడు అతనే చెయ్యి అందించాడు. ఇడ్లీ బండావిడ చేతులు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చింది. స్టూలు అద్దె కింద మా చేత రెండు ప్లేట్లు ఇడ్లీ తినిపించింది.

కొద్దిరోజులు ఆ ఫ్లెక్సీ కన్నంతోనే ఉంది. అందులోంచి వెనకున్న సినిమా హాలు గోడ కనిపించేది. తర్వాత సమితివాళ్ళు ఆ కన్నం మీద ఇంకో ఫొటో అంటించారు. అది కూడా చిన్నాయనదే. ఇప్పుడక్కడ ఆయన రెండుసార్లు ఉన్నాడు, అటొకడు, ఇటొకడు, ఒకళ్ళకొకళ్ళు దణ్ణం పెట్టుకుంటూ.